కళాకారుల పుట్టినరోజున గ్రంథాలయ బల్లపై మూడు పుస్తకాలు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ పత్రిక లోపలి పేజీలో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక కింద, ఆనాడు పుట్టిన నటుల, గాయకుల, నర్తకుల పేర్లను నాలుగైదు పంక్తుల్లో ప్రచురిస్తున్నారు. జిల్లా పరిషత్తు పాఠశాలల్లో ముప్పై రెండేళ్లు తెలుగు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన నేను, రోజూ ఉదయం మా పట్టణంలోని శాఖా గ్రంథాలయానికి వెళ్లి, ముందుగా ఆ నాలుగు పంక్తులూ చదివి, ఆ తరువాతనే మిగిలిన పత్రిక తిరగేస్తాను. నాతోపాటు అదే బల్ల దగ్గర కూర్చొని అవే పంక్తులు చదివేవారు ఇంకా పదిమంది ఉంటారు. వారు చదివిన ఆ పేరుకు సంబంధించిన పుస్తకం అదే గదిలో, పది అడుగుల దూరంలోని బీరువాలో ఉండి కూడా వారి చేతికి ఎందుకు చేరడం లేదన్న బాధతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. రంగస్థల, సంగీత, నృత్య కళాకారుల జన్మదినాన ప్రతి పౌర గ్రంథాలయంలోనూ పఠన మందిరం మధ్య ఒక చిన్న బల్ల వేసి, ఆ కళాకారుని దారిలో చదవదగిన మూడు పుస్తకాలను దానిపై ఉంచాలని, పత్రికలు కూడా ఆ పేరు పక్కన ఒక పుస్తకం పేరు చేర్చాలని నా విన్నపం.

ఈ ఆలోచనకు మూలం ఒక చిన్న సంఘటన. రెండేళ్ల క్రితం ఆగస్టు 31న, ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అబ్బాయి పత్రికలో హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారి గురించిన నాలుగు పంక్తులు చదివి, ‘ఈయన రాసిన పుస్తకం ఏదైనా ఇక్కడ ఉందా అండీ?’ అని అడిగాడు. ఆ సమయంలో అక్కడ ఉన్న ఉద్యోగి ఒక్కరే. ఆయనే పత్రికలు సర్దాలి, పుస్తకాలు ఇవ్వాలి, రిజిస్టరు రాయాలి. అందువల్ల ‘జీవిత చరిత్రల బీరువాలో చూడు బాబూ’ అని మాత్రమే చెప్పగలిగారు. అబ్బాయి కాసేపు వెతికి వెళ్లిపోయాడు. మర్నాడు మేమిద్దరమూ కూర్చొని వెతికితే దాసుగారి ఆత్మకథ ‘నా యెఱుక’ ఆ బీరువాలోనే, అడుగు అరలో, రెండు లావుపాటి గ్రంథాల వెనుక దొరికింది. ‘నవరస తరంగిణి’ పద్యకావ్యాల మధ్య ఉంది. ఉమర్ ఖయ్యాం రుబాయీలకు ఆయన చేసిన అనువాదం అసలు విప్పని కట్టలో ఉంది. ఆత్మకథ వెనుక అట్టకు అంటించిన తేదీ చీటీ చూస్తే, దానిని చివరిసారిగా ఇంటికి తీసుకువెళ్లి పద్దెనిమిదేళ్లయింది. ఆ అబ్బాయి కోసం ఆ పుస్తకాన్ని వారం రోజులు పక్కన పెట్టించాను కానీ, అతడు ఆ వారమంతా రాలేదు.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదని నేను నమ్ముతున్నాను. గ్రంథాలయాల్లో పుస్తకాలు విషయాన్నిబట్టి సర్దుతారు, అది సరైన పద్ధతే. డ్యూయీ దశాంశ వర్గీకరణలో సంగీతం 780 కింద, సినిమా 791 కింద, రంగస్థలం 792 కింద, జీవిత చరిత్రలు 920 కింద, తెలుగు సాహిత్యం 894 కింద వస్తాయి. ఒక నటుని ఆత్మకథ ఒకచోట, ఆయన ఆడిన నాటకం మరొకచోట, ఆయన కాలపు నాటక సమాజాల చరిత్ర ఇంకొకచోట ఉండక తప్పదు. కళాకారుడు మాత్రం తన జీవితంలో వీటన్నిటినీ కలిపి మోసినవాడు. ఆయన పుట్టినరోజు నాడైనా ఈ మూడు బీరువాల తలుపులూ తెరిచి, ఆ పుస్తకాలను ఒక్కచోటికి చేర్చవచ్చునని నాకు ఆరోజే అనిపించింది. ‘ప్రతి పాఠకునికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుని సమయం వృథా కారాదు’ అన్న గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారి సూత్రాలు 1931లో అచ్చయ్యాయి. ఆయన పేరున ఏటా ఆగస్టు 12న గ్రంథపాలకుల దినోత్సవం జరుపుకుంటున్న మనం, ఆ రెండవ మాటను ఇలాంటి చిన్న పనులతోనే నిలబెట్టుకోగలం.

గ్రంథపాలకుల అనుమతితో, పత్రికల స్టాండు పక్కనే, పోటీ పరీక్షలకు చదువుకునే యువకులు రోజూ నడిచే దారిలో, నేను ఆ బల్ల వేయించాను. ఈ యువకులే ఇప్పుడు మా పఠన మందిరాన్ని నింపుతున్నారు. ఉదయం తలుపు తీసేసరికి సంచులతో గుమ్మం ముందు ఉంటారు, తమ గైడ్లు తామే తెచ్చుకుంటారు, సాయంత్రం దాకా తల ఎత్తరు, బీరువాల వైపు మాత్రం వెళ్లరు. వారిని బీరువా దగ్గరికి రమ్మనే కంటే పుస్తకాన్నే వారి దగ్గరికి తీసుకువెళ్లడం మేలని తోచింది. బల్లపై మూడు పుస్తకాలకు మించి పెట్టకూడదని మేము మొదటినుంచీ నియమం పెట్టుకున్నాం, ఎందుకంటే ఇరవై పుస్తకాలు పేర్చితే అది మరొక బీరువా అవుతుంది. ఆ మూడింటిలో ఒకటి మాత్రమే ఆ కళాకారుడు రాసినది గానీ, ఆయన గురించి రాసినది గానీ కావాలి. రెండవది ఆయన గొంతుతోనో అభినయంతోనో ప్రజల్లోకి వెళ్లిన మూలరచన కావాలి. మూడవది ఆయన నిలబడిన కాలాన్ని, నేలను చూపించేది కావాలి. పక్కన ఒక అట్టముక్కపై ఆరేడు పంక్తుల్లో ఈ పుస్తకాన్ని ఈ రోజున ఎందుకు పెట్టామో రాస్తాం. ఆ అట్టముక్క రాయడానికే నాకు ఒక్కొక్కసారి రెండు రోజులు పడుతుంది.

నారాయణదాసు గారి బల్లనే ఉదాహరణగా చెబుతాను. 1864 ఆగస్టు 31న బొబ్బిలి సమీపంలోని అజ్జాడలో పుట్టిన ఆయన, 1919లో విజయనగరంలో ప్రారంభమైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు. కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి కథ చెప్పేవారని మాత్రమే చాలామందికి తెలుసు. ఆయనే షేక్స్పియర్ నుంచీ, కాళిదాసు నుంచీ రసాలవారీగా ఘట్టాలను ఏరి తెలుగు చేసి ‘నవరస తరంగిణి’గా కూర్చారనీ, ఉమర్ ఖయ్యాంను ఇటు సంస్కృతంలోకీ, అటు అచ్చ తెలుగులోకీ తెచ్చారనీ చెప్పినప్పుడు, డిగ్రీ చదువుతున్న పిల్లలు నమ్మలేనట్టు నా ముఖం వైపు చూశారు. బల్లమీది పుస్తకం తెరిచి చూపితే నమ్మారు. అందులో ఒక అమ్మాయి ‘నవరస తరంగిణి’ని కళాశాల ఆంగ్ల పాఠ్యపుస్తకం పక్కన పెట్టుకొని రెండు గంటలు కూర్చోవడం నేను కళ్లారా చూశాను. హరికథ వినే అవకాశం లేని ఊళ్లో కూడా హరిదాసు చదువు ఎంత లోతైనదో ఆ అమ్మాయికి తెలిసింది.

సంవత్సరంలో నాకు చాలా ఇష్టమైన వారం సెప్టెంబరు మూడవ వారం. 20న అక్కినేని నాగేశ్వరరావు గారి జన్మదినం, 21న గురజాడ అప్పారావు గారిది, 23న స్థానం నరసింహారావు గారిది. ఇంతకంటే చక్కని వరుసను మనం కావాలని కూర్చినా కుదరదు. గురజాడ వేదికనెక్కిన నటులు కారు గనుక ఆయనను ఈ వరుసలో చేర్చవచ్చునా అని మా గ్రంథపాలకులు సందేహించారు. కానీ 1892 ఆగస్టు 13న విజయనగరంలో మొదటిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ లేకుండా, 1902లో బాపట్లలో పుట్టి తెనాలి రంగస్థలంపై ఎదిగిన స్థానం వారి మధురవాణి ఎక్కడిది? పురుషుడై పుట్టి సత్యభామగా, చింతామణిగా, రోషనారగా, మధురవాణిగా వేలమందిని మెప్పించిన ఆ మహానటుడు, తాను ఆ పాత్రలలోకి ఎలా ప్రవేశించాడో, చీరకట్టు మొదలుకొని చూపుదాకా ఎంత ఆలోచించాడో ‘నటస్థానం’లో స్వయంగా చెప్పారు. కాబట్టి 21 నుంచి 23 వరకు మా బల్లపై ‘కన్యాశుల్కం’, ‘నటస్థానం’ పక్కపక్కనే ఉంటాయి. నాటకాన్ని చదివినవారు అదే పాత్రను ఒక నటుని లోపలినుంచి చూస్తారు. ఆత్మకథ ముందు చదివినవారు ఆ సంభాషణల కోసం నాటకాన్ని తెరుస్తారు. నాగేశ్వరరావు గారు కూడా బాల్యంలో నాటకాల్లో స్త్రీ పాత్రలు ధరించే సినిమాకు వచ్చారు గనుక, మూడు రోజుల దారమూ ఒక్కటే. సినిమా ప్రేక్షకునిగా 20న బల్ల దగ్గర ఆగినవారు 23కల్లా నాటకం చేతపట్టుకొని వెళ్లడం గత సెప్టెంబరులో నేను చూసిన సంతోషకరమైన విషయం.

అదే నెల 7న భానుమతి గారి పుట్టినరోజు. ఆమె పాటలు పాడగలరనీ, దర్శకత్వం చేయగలరనీ, ‘చండీరాణి’ని 1953లో మూడు భాషల్లో తీశారనీ చాలామందికి తెలుసు. ‘అత్తగారి కథలు’ రాసిన రచయిత్రి ఆమేనని ఈ తరం వారికి తెలియదు. అత్తాకోడళ్ల నడుమ ఇంత నిర్మలమైన హాస్యం పండించిన పుస్తకం తెలుగులో అరుదు. ఆమె ఆత్మకథ ‘నాలో నేను’ సినిమాపై ఉత్తమ గ్రంథంగా జాతీయ చలనచిత్ర పురస్కారం అందుకుంది. మా బల్లమీదినుంచి అన్నిటికంటే ఎక్కువసార్లు ఇంటికి వెళ్లినవి ఈ రెండే. వాటిని తీసుకువెళ్లినవారిలో అంతవరకు సభ్యత్వం లేని గృహిణులే ఎక్కువమంది. ధరావతు కట్టి కొత్తగా సభ్యులైన ఏడుగురి పేర్లు ఆ నెల రిజిస్టరులో ఉన్నాయి. ఒక చిన్న శాఖా గ్రంథాలయానికి ఏడుగురంటే చాలా ఎక్కువ.

నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వం, ముగ్గుల పోటీలు, ముగింపు సభ అన్నీ క్రమంగా నడుస్తాయి. ఆ వారోత్సవాలకు సరిగ్గా ముందురోజు, నవంబరు 13న, ఇద్దరు తెలుగు గాయనుల పుట్టినరోజు కావడం ఎంత శుభకరమైన కలయికో చాలామంది గమనించలేదు. 1925లో రాజమహేంద్రవరంలో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి గారు ఒకరు, 1935లో మా విజయనగరంలోనే పుట్టి ఇక్కడి సంగీత కళాశాలలో చదివిన పి. సుశీల గారు మరొకరు. సూర్యకుమారి గారి గొంతుతో ‘మా తెలుగు తల్లికి’ గీతం ఇంటింటికీ చేరింది. తరువాత ఆమె న్యూయార్కులో రవీంద్రనాథ టాగూరు ‘రాజా’ నాటకపు ఆంగ్ల ప్రదర్శనలో రాణి సుదర్శన పాత్ర ధరించి 1961లో అక్కడి పురస్కారం పొందారు. కనుక ఆ రోజు టాగూరు నాటకాల తెలుగు అనువాదం ఒకటి బల్లపై ఉండాలి. ఆమె ఆంధ్రకేసరి ప్రకాశం పంతులు గారికి తమ్ముని కుమార్తె. ప్రకాశం గారి ‘నా జీవిత యాత్ర’ తెరిచి చూడండి. పేదరికంలో చదువు కోసం పడిన పాట్లతోపాటు, ఒంగోలులో తన గురువు హనుమంతరావు నాయుడు గారి వెంట నాటకాలాడిన రోజులు కూడా అందులో ఉన్నాయి. రాజకీయ నాయకుని ఆత్మకథగా మాత్రమే తెలిసిన ఆ గ్రంథాన్ని, ఒక గాయని పుట్టినరోజు నాడు, నాటకాల పిచ్చి ఉన్న ఒక కుర్రవాని కథగా చదివించవచ్చు. ఇలాంటి అనుకోని దారులు చూపించగలగడమే ఈ బల్లకున్న గొప్పతనమని నేను భావిస్తాను.

డిసెంబరు 4 ఘంటసాల గారిది. ఆ రోజు ఊరూరా పాటల పోటీలు జరుగుతాయి, అది చాలా మంచి విషయం. మేము మాత్రం ఆయన పాడిన ‘పుష్పవిలాపం’ ఉన్న కరుణశ్రీ గారి ‘ఉదయశ్రీ’ని బల్లపై తెరిచి పెడతాం. పద్యం వినగానే కంటతడి పెట్టేవారిలో చాలామంది దానిని అచ్చులో ఒక్కసారి కూడా చూసి ఉండరు. ఒక పెద్దాయన, వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్, ఆ పద్యాలను మొదటినుంచి చివరివరకు పెదవులతో రాగం కదుపుతూ చదివి, ‘నాకు నోటికి వచ్చినదంతా ఇదేనమ్మా’ అన్నారు. తరువాత ఆ పుస్తకంలోని మిగిలిన ఖండికలు చదవడానికి ఆయన వరుసగా నాలుగు రోజులు వచ్చారు.

అన్నిటికంటే నా మనసును కదిలించినది ఫిబ్రవరి 5. అది బుర్రకథకు ప్రాణం పోసిన షేక్ నాజర్ గారి జన్మదినం. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, దూది ఏకే కుటుంబంనుంచి వచ్చి, పల్నాటి యుద్ధాన్నీ, బొబ్బిలి యుద్ధాన్నీ, అల్లూరి సీతారామరాజు కథనూ లక్షలాది జనం ముందు చెప్పి, ప్రజానాట్యమండలి వేదికలపై తన కళను ప్రజల చేతి ఆయుధంగా మలిచిన ఆ మహానుభావుడు, తన ఆత్మకథకు తన కులవృత్తి పేరునే పెట్టి ‘పింజారి’ అన్నారు. ఆకలి, అవమానం, గురువుల ఇళ్లలో చాకిరి, సంగీతంపై తీరని దాహం ఏ దాపరికమూ లేకుండా చెప్పిన పుస్తకమది. మా పాఠశాలల్లో పదవ తరగతి పిల్లలకు బుర్రకథ అంటే ఏమిటో నిర్వచనం వచ్చు, నాజర్ పేరు మాత్రం రాదు. ఆ రోజు బల్లపై ‘పింజారి’తో పాటు పల్నాటి వీరచరిత్రను, మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారి ‘తెలుగువారి జానపద కళారూపాలు’ గ్రంథాన్ని పెట్టాం. మిక్కిలినేని వారు తామే నటులు. ఒక నటుడు తన జాతి కళారూపాలన్నిటినీ వెతికి వెతికి అంత పెద్ద గ్రంథంగా సమకూర్చడం మన భాషకు దక్కిన భాగ్యం. ప్రతి శాఖా గ్రంథాలయంలోనూ దాని ప్రతి ఒకటి ఉండితీరాలని నేను గట్టిగా కోరుతున్నాను.

నృత్యానికి మార్చి 21 ఉంది. పేరిణి శివతాండవానికి తిరిగి ఊపిరి పోసిన నటరాజ రామకృష్ణ గారి పుట్టినరోజు అది. కాకతి గణపతిదేవుని గజసేనానిగా ఉండి 13వ శతాబ్దిలో జాయపసేనాని సంస్కృతంలో రచించిన ‘నృత్తరత్నావళి’ని రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు తెలుగు చేశారు. రామప్ప గుడి శిల్పాలనూ, ఆ గ్రంథాన్నీ కలిపి చదివి, రామకృష్ణ గారు మరుగున పడిన ఒక నాట్యాన్ని మళ్లీ వేదికపై నిలబెట్టారు. బీరువాలోని పుస్తకం మళ్లీ కాలి గజ్జెగా మోగగలదనడానికి ఇంతకంటే గొప్ప నిదర్శనం నాకు తెలియదు. 2021లో రామప్పకు ప్రపంచ వారసత్వ హోదా వచ్చిన తరువాత అక్కడికి విహారయాత్రలకు వెళ్లే పాఠశాలలు పెరిగాయి. బయలుదేరే ముందు పిల్లలకు ఈ పుస్తకంలోని పది పేజీలైనా చదివి వినిపిస్తే, వారు ఆ గుడిలోని మదనికల, అంటే నర్తకీ శిల్పాల, ముందు నిలబడే తీరు మారుతుంది.

ఈ ప్రయత్నంలో మేము ఎదుర్కొన్న సందేహాలను కూడా దాచకుండా చెప్పాలి. పుట్టినరోజుల హడావిడి ఇప్పటికే ఎక్కువైందని, కటౌట్లు, పాలాభిషేకాలు, కూడళ్లలో ఫ్లెక్సీలు చాలవన్నట్టు గ్రంథాలయంలోకి కూడా అది ఎందుకని ఒక మిత్రులు అడిగారు. ఆయన ఆవేదన న్యాయమైనదే. అయితే అభిమానం అన్నది ఉన్నదే కాబట్టి, దానికి ఇంకొక తోవ చూపించడం గ్రంథాలయం పని. ఎస్.వి. రంగారావు గారి అభిమానికి జులై 3న ఆయన రాసిన కథలు చేతిలో పెడితే, అతడు ఆ రోజును ఫ్లెక్సీ ముందు గడిపినదానికంటే బాగా గడిపినట్టే. వెండితెర వెలుగులో ఉన్నవారే బల్లనంతా ఆక్రమించకుండా చూడడం మాత్రం చాలా అవసరం. అందుకే మేము నెలకు ఇద్దరు సినిమా కళాకారులకు మించకూడదని, హరికథ, బుర్రకథ, నాటకం, వాద్యం, నృత్యం తప్పక రావాలని అనుకున్నాం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి నవంబరు 8, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి జులై 6 మా పట్టికలో ఎర్ర సిరాతో రాసి ఉంటాయి.

దీనికంటే లోతైన లోపం మరొకటి ఉంది. జన్మదినాన్ని ఆధారం చేసుకున్నామంటే, పుట్టిన తేదీ ఎక్కడా నమోదు కాని కళాకారులు మన పట్టికలోకి రారు. నిజామాబాద్ ప్రాంతంలో చిందు యక్షగానాన్ని జీవితాంతం మోసిన చిందు ఎల్లమ్మ గారు, నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసి ఆడించే కుటుంబాల పెద్దలు, కిన్నెర మీటుతూ వీరుల కథలు పాడేవారు, సంక్రాంతి హరిదాసులు, గంగిరెద్దులవారు ఏ తేదీన పుట్టారని చూస్తాం? కళను తలమీద మోసుకొని ఊరూరా తిరిగినవారికి పుట్టినరోజు లేకపోవడం వారి తప్పు కాదు, వారిని వదిలేస్తే అది మన తప్పు అవుతుంది. కాబట్టి వారి కళ జనంలోకి వచ్చే రోజునే వారి రోజుగా తీసుకోవాలని మేము నిర్ణయించాం. తోలుబొమ్మలాటకు శివరాత్రి, హరిదాసులకు ధనుర్మాసం. ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం గారి జయంతి, ఎలాగూ తెలుగు నాటకరంగ దినోత్సవమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలై, తరతరాలుగా కుటుంబమంతా వేదికపైనే పుట్టి పెరిగిన సురభి సమాజాలను ఆ రోజున తలుచుకుంటాం. బిరుదురాజు రామరాజు గారి జానపద గేయ సాహిత్య పరిశోధన గ్రంథం, మిక్కిలినేని వారి గ్రంథం ఈ రోజులన్నిటికీ పనికివస్తాయి.

ఇక ఖర్చు విషయం. నేను అడుగుతున్న పనికి కొత్తగా నిధులు అక్కరలేదు, బల్ల, అట్టముక్క, పెన్ను చాలు. అయినా ఈ సందర్భంగా ఒక మాట చెప్పక తప్పదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా చేరుతుంది. అది చదువరి సొమ్ము. స్థానిక సంస్థలు దానిని సకాలంలో జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేస్తేనే కొత్త పుస్తకాలు వస్తాయి. మా బల్ల కోసం వెతికినప్పుడు, రిజిస్టరులో నమోదై ఉండి బీరువాలో లేనివీ, ఉండి కూడా పుట తిప్పితే పొడి రాలేవీ ఎన్నో ఎదురయ్యాయి. కళాకారుల ఆత్మకథల్లో చాలా వాటికి రెండవ ముద్రణ లేదు. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో 1901లో నెలకొన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి పాత గ్రంథాలయాల్లో మిగిలి ఉన్న నాటకరంగ గ్రంథాలను, పత్రికలను స్కాన్ చేయించి శాఖా గ్రంథాలయాలకు అందించే పని రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేపడితే, చిన్న ఊళ్లలోని బల్లలు కూడా నిండుగా ఉంటాయి.

అయ్యంకి వెంకటరమణయ్య గారు, వారి సహచరులు 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘాన్ని స్థాపించిన నాటికి చేతిలో ఉన్న సాధనాలు చాలా తక్కువ. పాతూరి నాగభూషణం గారు 1935లో పడవపై పుస్తకాలు పేర్చి కృష్ణా కాలువ వెంట ఊరూరా తీసుకువెళ్లారు. కాలువ గట్టున నిలబడినవాని చేతికి పుస్తకం అందించిన దేశంలో, పఠన మందిరంలో కూర్చున్నవాని చేతికి అందించలేమా? జిల్లా గ్రంథాలయ సంస్థలు ప్రతి సంవత్సరం జనవరిలోగా, తమ జిల్లాలో పుట్టిన కళాకారుల జన్మదినాల పట్టికను, ప్రతి పేరు పక్కన తమ శాఖల్లో నిజంగా ఉన్న మూడు పుస్తకాల పేర్లను, వర్గీకరణ సంఖ్యలతో సహా తయారుచేసి అన్ని శాఖలకూ పంపాలి. పట్టిక రాసేటప్పుడు తేదీలను ఒకటికి రెండు గ్రంథాలతో సరిచూసుకోవాలి, ఎందుకంటే కొందరు ప్రసిద్ధ నటీనటుల జన్మసంవత్సరాలు ఒక్కొక్క పుస్తకంలో ఒక్కొక్క విధంగా అచ్చయ్యాయి. తెలుగు ఉపాధ్యాయులు, సంగీత కళాశాలల అధ్యాపకులు, స్థానిక నాటక సమాజాలవారు అడిగితే సంతోషంగా సాయం చేస్తారు. ఉద్యోగ విరమణ చేసిన నావంటివారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు.

రాబోయే ఆగస్టు 2న బళ్లారి రాఘవ గారి జన్మదినం. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో న్యాయవాదిగా పేరు తెచ్చుకొని, స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి గారి వంటివారిని వేదికపైకి తీసుకువచ్చిన ఆ నటుని కోసం ఆయన జీవిత చరిత్రను, ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులవారి నాటకం ఒకదానిని, కోలాచలం శ్రీనివాసరావు గారి చారిత్రక నాటకం ఒకదానిని ఇప్పటికే వేరుగా తీసి పెట్టాం. ఆగస్టు 31కి కావలసిన మూడింటికీ కొత్త అట్టలు వేశాం. విప్పని కట్టలోని ఖయ్యాం రుబాయీల పుస్తకాన్ని ఈసారి పైన పెడుతున్నాం. రెండేళ్ల క్రితం అడిగి వెళ్లిపోయిన ఆ అబ్బాయి ఇప్పుడు ఏ ఊళ్లో చదువుతున్నాడో గానీ, మీ పత్రిక అతనికి ఎక్కడైనా కనిపిస్తుంది. ఆ రోజు శీర్షికలో ఆదిభట్ల నారాయణదాసు గారి పేరు పక్కన ‘ఆత్మకథ: నా యెఱుక, మీ శాఖా గ్రంథాలయంలో అడగండి’ అన్న ఒక్క పంక్తిని చేర్చవలసిందిగా మిమ్మల్ని మనసారా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పత్రిక పాఠకురాలు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
విజయనగరం జిల్లా